మందు యలమందయ్య

మా ప్రత్తిపాడు వైపు ఏ ఊళ్ళోనైనా యలమందయ్య ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పరు, ఏ యలమందయ్య అని ఎదురడుగుతారు. కోటప్పకొండ స్వామి దయవల్ల మాకు వీధికొక యలమందయ్య ఉన్నాడు. మందు యలమందయ్య అని అడగండి, బడికెళ్ళే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. మందంటే పురుగుమందు. యాభై ఏళ్ళ పాటు ఊరందరి పత్తికీ, మిరపకీ మందు కొట్టి బతికినవాడు ఆయన. రెండో రకం మందు జన్మలో చుక్క ముట్టలేదు. మా అందరికీ ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతే మర్చిపోయాం. ఆ మర్చిపోవడమే కొంప ముంచబోయింది. ముంచబోయిన పెద్దమనిషిని నేనే.

నా పేరు లక్ష్మీకాంత్. ప్రత్తిపాడు సెంటర్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు నాది. నాకు కోపం ఎక్కువని అంటారు. ఎక్కువే. చేతిలో ఒక్క ఆకైనా లేకుండా వచ్చి, "చేను అదోలా ఉంది, ఏదో ఒకటి ఇవ్వండి" అంటే ఎవరికి మాత్రం రాదు? అదోలా అంటే ఏ మందివ్వాలి? బాబాయి ఏనాడూ అలా రాలేదు. ఆయన నాకు చుట్టం కాదు. పిల్లల్లేని మనిషి కావడంతో ఊరంతా బాబాయి అంటుంది, నేనూ అంటాను. వస్తే జేబులో కాగితం పొట్లం, అందులో నాలుగు ఆకులు. నా బల్ల మీద వాటిని తిరగేసి పరిచి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, "ఇది నల్లి కాదురా కాంతూ, తామర పురుగు. ఆకు పైకి ముడిచింది చూడు. నల్లి అయితే కిందికి ముడుస్తుంది" అనేవాడు. డిగ్రీ చదివిన కంపెనీ కుర్రాళ్ళు టై సర్దుకుంటూ వినేవాళ్ళు.

ఆయన మందు కొట్టే తీరు చూడాలి. గాలి ఎటు వీస్తుందో మట్టి విసిరి చూసుకునేవాడు. గాలిని వీపు మీదికి తీసుకునేవాడు. ఎండెక్కాక కొట్టడు. పక్క చేలో కూలీలుంటే కొట్టడు. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు ఒళ్ళు రుద్దుకున్నాకే గడప దాటేవాడు. మందు చొక్కాకి దొడ్లో వేరే మేకు, ఉతకడానికి వేరే బకెట్. ఇదంతా ఆయన గొప్పతనం కాదు, వాళ్ళావిడ సుబ్బరావమ్మ పిన్ని పెట్టిన చట్టం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మందు చొక్కాతో మంచం మీద కూర్చున్నందుకు ఆ మంచం నవారంతా విప్పించి, ఆయన చేతే ఉతికించిందట. అప్పట్నుంచీ ఆవిడంటే ఆయనకి వణుకు. నలుగురిలో ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా.

డెబ్భై నాలుగేళ్ళొచ్చినా పని మానలేదు. సగం టాంకు మాత్రమే మోస్తున్నాను కదరా అని నా నోరు మూయించేవాడు. ఆయన భయపడింది ఒక్కదానికే. వాళ్ళన్న బుల్లయ్యకి ఆరేళ్ళ కిందట పిత్తాశయంలో రాళ్ళు తీశారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన బుల్లయ్య మునుపటి బుల్లయ్య కాదు. కట్టుకున్న భార్యని పట్టుకుని "అమ్మా, ఆకలి" అనేవాడు. రెండేళ్ళు అలాగే బతికి పోయాడు. ఆ రెండేళ్ళూ రోజూ వెళ్ళి అన్నకి గోరుముద్దలు తినిపించి వచ్చింది బాబాయే. "మత్తు ఇంజక్షన్‌తోనే మా అన్న పోయాడ్రా. తర్వాత పోయింది ఒట్టి ఒళ్ళు" అనేవాడు. అది ఆయనకి మాటవరస కాదు, నమ్మకం.

పోయిన ఏడాది పుబ్బ కార్తెలో, ఒక సోమవారం పొద్దున్నే, పత్తి చేలో గట్టు మీద కాలు జారింది. రాత్రి వాన పడింది, నల్లరేగడి సంగతి తెలిసిందేగా. వీపున టాంకుతో పక్కకి పడ్డాడు. నేను కారేసుకుని వెళ్ళేసరికి గట్టు మీద పడుకుని, నొప్పికి పళ్ళు బిగించి, "టాంకు మూత గట్టిగా పెట్టండిరా, కాలవలో కలుస్తది" అని అరుస్తున్నాడు. కుడి తుంటి ఎముక విరిగింది.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, రేపే ఆపరేషన్ చేయాలి, లేకపోతే మంచానికి అతుక్కుపోతాడు అన్నాడు. బాబాయి ససేమిరా అన్నాడు.

"కాలు పోతే కర్ర పట్టుకుంటా. బుర్ర పోతే ఏం పట్టుకోను?"

"పోదు బాబాయ్."

"నా బుర్ర పోదని నువ్వు చెప్పగలవా?"

"నేను చెప్తున్నాగా. నాది పూచీ" అన్నాను. ముప్పై రెండేళ్ళుగా కొట్లో కూర్చుని, ఈ మందు కొడితే వందకి వంద పురుగు చస్తుందని చెప్పే నోరు నాది. ఆ నోటికి ఇదొక లెక్కా? ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత పిన్ని వైపు చూశాడు. నొప్పి భరించలేక కావచ్చు, సరే అన్నాడు.

అప్పుడొచ్చింది నర్సు, చేతిలో ఫారం పట్టుకుని. ఇరవై రెండేళ్ళుంటాయేమో, పట్నం పిల్ల. పిన్ని మందుల చీటీ పట్టుకుని కిందికెళ్ళింది. ఉన్నది నేనూ, బాబాయీ.

"సిగరెట్టు, బీడీ ఏమైనా తాతా?"

"చుట్ట కాల్చేవాణ్ణి. మానేసి పాతికేళ్ళయింది."

"మందు కొడతారా?"

"ఆఁ. యాభై ఏళ్ళ నించి."

ఆ పిల్ల తలెత్తింది. "రోజూనా?"

"సీజన్లో రోజూ. పొద్దున్నే మొదలెడతా. ఎండెక్కాక కొట్టకూడదు గదా."

"లాస్టు ఎప్పుడు కొట్టారు?"

"ఇయ్యాల పొద్దున్నేనమ్మా. కొడతా కొడతానే పడ్డా."

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "ఈయన కొట్టినట్టు మా మండలంలో ఎవరూ కొట్టలేరమ్మా. ముప్పై రెండేళ్ళుగా ఈయనకి మందిచ్చేది నేనే" అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అసహ్యం అది. ఆసుపత్రిలో కొమ్ముల్లేని వాళ్ళుండరు అనుకుని సరిపెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీలు పట్టుకుని గదిలోకి వెళ్ళాను. బాబాయి కళ్ళు తెరిచి ఉన్నాడు గానీ, ఆ కళ్ళు నన్ను చూడటం లేదు. వేళ్ళతో దుప్పటి మీద ఏదో ఏరుతున్నాడు. పిన్ని ఆయన పక్కన మంచం అంచున కూర్చుని, తడిగుడ్డతో మొహం తుడుస్తోంది. ఆయన ఆవిడ చెయ్యి మెల్లగా పక్కకి తోశాడు. ఎంతో మర్యాదగా, పరాయి ఆడవాళ్ళతో మాట్లాడినట్టు అన్నాడు:

"ఎవరమ్మా మీరు? ఇక్కడ కూర్చోమాకండి. మా ఆవిడొస్తది. ఆవిడకి కోపం జాస్తి."

పిన్ని లేచి నిలబడింది. తడిగుడ్డ బకెట్ అంచుకి ఆరేసి, బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. లిఫ్టు పక్కన గోడకి మొహం పెట్టి ఏడుస్తోంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, సుబ్బరావమ్మ పిన్ని ఏడవడం అదే మొదటిసారి. ఇంకా ఆపరేషనే కాలేదు, మత్తే ఇవ్వలేదు, మనిషి అప్పుడే పోయాడు. పూచీ పడ్డది నేను.

భయం వేస్తే నాకు కోపమొస్తుంది. గదిలోకి తిరిగొచ్చి, అక్కడున్న డ్యూటీ డాక్టరు మీద పడ్డాను. "వయసు కదా సార్, ఇలాంటివి మామూలే" అని అతను ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళినవాణ్ణి వెంటబడి ఇంకో నాలుగు తిట్టేవాణ్ణే. అంతలో ఒక డాక్టరమ్మ ఫైలు పట్టుకుని గదిలోకి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు నజ్మీన్ అనీ, ఆపరేషన్‌కి మత్తిచ్చేది తనేననీ చెప్పింది. కుర్చీ లాక్కుని బాబాయి మొహానికి ఎదురుగా కూర్చుంది.

"తాతగారూ, ఇదే ఊరు?"

బాబాయి దుప్పటి మీద ఏరుకుంటూనే ఉన్నాడు.

"నిన్న కూడా ఇలాగే ఉన్నారా?"

"నిన్న మా అందరికంటే బాగా ఉన్నాడు" అన్నాను.

ఆవిడ ఫైలు తిప్పింది. అప్పుడే లోపలికొచ్చిన పిన్నిని చూసి అడిగింది. "రోజుకి ఎంత తాగుతారమ్మా ఈయన?"

"ఏంది తాగేది?"

"మందు."

పిన్ని ఏడుపు ఎగిరిపోయింది. "ఎవరమ్మా చెప్పింది నీకా మాట? మా ఆయన జన్మలో చుక్క ముట్టలా! కల్లు కుండ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగే మనిషి! వాడెవడో నా ముందుకు రమ్మను!"

"మరి ఇక్కడ ఇలా రాసుందే" అని డాక్టరమ్మ చదివింది. "యాభై ఏళ్ళుగా. రోజూ. పొద్దున్నే మొదలు. చివరిసారి పడిపోయే ముందు. తోడొచ్చిన వ్యక్తి కూడా ధ్రువీకరించారు."

తోడొచ్చిన వ్యక్తి గోడకి ఆనుకున్నాడు. నా మాటలు నాకే వినిపించాయి, ఛాతీ విరుచుకోవడంతో సహా.

"మేడమ్, అది... పురుగుమందు" అన్నాను. "ఈయన చేలకి మందు కొడతాడు. నాది మందుల కొట్టు."

డాక్టరమ్మ క్షణం పాటు నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే. ఆవిడ బాబాయి కుడిచేయి ఎత్తి, పసుప్పచ్చగా గట్టిపడిన గోళ్ళు చూసింది. తర్వాత చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మాది పొన్నూరు దగ్గర" అంది. "మా నాన్న వరి చేలకి మందు కొట్టేవాడు. మా ఇంట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం."

ఆ తర్వాత ఆవిడ మాట్లాడింది తక్కువ, చేసింది ఎక్కువ. జరిగిందేమిటో ముందు మాకు చెప్పింది. రోజూ తాగేవాళ్ళకి తాగుడు ఒక్కసారిగా ఆగితే వణుకొస్తుంది, ఫిట్లొస్తాయి. అవి రాకుండా ఆసుపత్రిలో ఒకరకం మత్తు బిళ్ళలు వేస్తారు. ఫారం చూసి బాబాయికీ నిన్న సాయంత్రం నుంచి ఆరు గంటలకొకటి వేశారు. తాగనివాడికి, అందులోనూ ముసలివాడికి ఆ బిళ్ళ పడితే బుర్ర తిరిగిపోతుంది. "ఇది పోయేదే. బిళ్ళ ఆపితే దిగుతుంది. సాయంత్రానికి చూద్దాం" అని, ఆ మందు మీద ఫైల్లో అడ్డంగా గీత కొట్టింది. ఆపరేషన్ బుధవారం పొద్దుటికి మార్పించింది. అంతకుమించి ఆగకూడదు, విరిగిన తుంటితో పడుకున్న కొద్దీ మనిషి చెడతాడు అంది.

"ఒళ్ళు కడిగారా ఈయనకి?" అని అడిగింది.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "చొక్కా విప్పి గౌనేశారంతే. కడగాలని నేను మొత్తుకుంటే వినలా."

అప్పటికప్పుడు ఇద్దరు ఆయాల్ని పిలిచి సబ్బు నీళ్ళతో ఒళ్ళంతా రెండుసార్లు తుడిపించింది. నిన్న కొట్టిన మందేమిటో నన్నడిగింది. చెప్పాను. రక్తం తీసి ఏదో పరీక్షకి పంపించింది. తొడ దగ్గర నరం చుట్టూ మొద్దుబారే ఇంజక్షన్ చేసింది. బాబాయి మొహంలో ముడతలు అప్పటికప్పుడే కాస్త సడలాయి. నొప్పి కూడా బుర్రని చెడగొడుతుందట. కిటికీ తెర తీయమంది. కళ్ళజోడు ఎక్కడుందని అడిగింది. నా జేబులో ఉంది, నిన్న పోతుందని నేనే దాచాను. తన చేత్తో ఆయనకి పెట్టి, పిన్నితో చెప్పింది: "అమ్మా, మీరు పక్కనుండి కదలొద్దు. ఇది గుంటూరు, ఇవాళ మంగళవారం, మీరు పడ్డారు, నేను సుబ్బరావమ్మని. ఇదే చెప్తూ ఉండండి. గొడవ పడొద్దు, పరీక్ష పెట్టొద్దు."

పిన్ని ఆ రోజు ఎన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు. మధ్యాహ్నం దాకా ఆయన వినిపించుకోలేదు. తర్వాత నిద్రపోయాడు. సాయంత్రం ఆరింటికి కళ్ళు తెరిచి, గది చూసి, కిటికీ చూసి, పిన్నిని చూశాడు.

"ఏందే, మొహం అట్టా పీక్కుపోయింది? అన్నం తిన్నావా?"

పిన్ని "ఆఁ, తిన్నా" అని అబద్ధమాడింది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. దాచడం దేనికి, ఏడ్చాను.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఆపరేషన్ ఇంకా కాలేదని తెలియగానే బాబాయి మొహం మారింది. పొద్దుటి సంగతి డాక్టరమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. పిన్నిని ఆయన ఏమన్నాడో మాత్రం చెప్పలేదు, అది డాక్టరమ్మకి తెలియదు. ఒట్టి బిళ్ళలకే నాకిట్టా అయితే, మత్తిస్తే ఏమవుద్ది అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేనే అడ్డం పడ్డాను. "నడుముకిచ్చే ఇంజక్షన్ అయితే బుర్రకేమీ కాదంటగా మేడమ్? పూర్తి మత్తయితేనే చెడుతుందంట?"

"అందరూ అలాగే అనుకుంటారండీ" అంది నజ్మీన్ గారు. "నేనూ చదువుకునేటప్పుడు అలాగే అనుకున్నా. కానీ వేరే దేశాల్లో వందల మంది, వేల మంది పెద్దవాళ్ళ మీద తూకం వేసి చూశారు. తుంటి ఆపరేషన్లలో బుర్ర తికమక పడటానికి నడుము సూదికీ, పూర్తి మత్తుకీ పెద్ద తేడా కనబడలేదు. తేడా చిన్న చిన్న వాటి దగ్గర వస్తుంది. ఎంత లోతుగా మత్తిచ్చాం, నిద్ర మందులు అనవసరంగా కలిపామా, రక్తపోటు పడిపోనిచ్చామా, నొప్పి ఉంచేశామా, లేచాక కళ్ళజోడు పెట్టామా, అయినవాళ్ళని పక్కనుంచామా. తాతగారికి నేను నడుముకే ఇద్దామనుకుంటున్నా. దానికి కారణం వేరే. పూర్తి మత్తులో ఊపిరి గొట్టం వేయడానికి వాడే మందొకటి, పురుగుమందు ఎక్కిన ఒంట్లో తొందరగా దిగదు. రక్త పరీక్షలో అదే తేలింది. దానికి బదులు ఇంకోటి వాడొచ్చనుకోండి. అయినా ఊపిరితిత్తులు కూడా అంత బాగా లేవు. మీ మందుకీ నా మందుకీ పడదు తాతగారూ. అందుకని."

బాబాయి అంతా విన్నాడు. మా బుల్లయ్య సంగతేంది మరి అన్నాడు. అంతకు ముందే మతిమరుపు మొదలై ఉండొచ్చు, ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోయి ఉండొచ్చు, ఆపరేషన్ దాన్ని బయటపెట్టి ఉండొచ్చు, లేదా పెంచి ఉండొచ్చు, నేను చూడని మనిషి గురించి చెప్పలేను అంది. బాబాయి నన్నడిగిన ప్రశ్నే ఆవిణ్ణీ అడిగాడు.

"నా బుర్ర పోదని నువ్వు చెప్పగలవా అమ్మా?"

"చెప్పలేను" అంది.

ఇంకేముంది, ఒప్పుకోడు. ఆవిడ మళ్ళీ అంది. "పోకుండా ఏం చేయాలో నాకు తెలుసు, అవన్నీ చేస్తా. ఒకటీ రెండు రోజులు తికమక రావచ్చు. వస్తే పక్కనే ఉంటా. చేయించుకోకపోతే మాత్రం మంచం మీద నొప్పితో, మందులతో ఆ బుర్రే ముందు పోయే ప్రమాదం ఎక్కువ."

బాబాయి నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. "కాంతూ, విన్నావా? వందకి వంద పనిచేసుద్ది అన్నవాడి మందు నేనెప్పుడూ నమ్మలా. ఈ అమ్మాయి మందు నమ్ముతా" అని సంతకానికి చెయ్యి చాపాడు. నా మొహం ఎలా ఉందో అద్దంలో చూసుకోలేదు.

బుధవారం పొద్దున నడుముకి సూది ఇచ్చింది. నిద్రమందు ఏమీ కలపలేదు. ఆపరేషన్ సాగినంతసేపూ తలదగ్గర కూర్చుని ఆయనతో మాట్లాడుతూనే ఉందట. లోపల సుత్తి చప్పుడు విని, "ఎవరో మేకు కొడుతున్నారే" అన్నాడట. "మీకే తాతగారూ" అందట. "సూటిగా కొట్టమను" అన్నాడట. ఎముకల డాక్టరు నవ్వు ఆపుకోలేక ఒక్క నిమిషం ఆగాడని ఆవిడే మాకు చెప్పింది.

ఆ సాయంత్రం మేమిద్దరం మంచానికి చెరోవైపూ కూర్చుని ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి మాటనీ కాటాలో వేస్తున్నాం. ఆయన సెలైన్ సీసా వైపు చూసి, "టాంకు అయిపోవస్తంది, చూసుకోండి" అన్నాడు. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ గోళ్ళు దిగాయి. ఆయన విసుక్కున్నాడు. "ఏందిరా అట్టా చూస్తారు? సీసా ఖాళీ అయింది, నర్సుని పిలవండి!" నిజమే, ఖాళీ అయింది. నర్సుని పిలవడానికి నేను పరిగెత్తిన పరుగు ఆ వరండాలో ఎవరూ పరిగెత్తి ఉండరు.

గురువారం వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. అయిదోరోజు ఇంటికొచ్చాం. అంతా బంగారంలా జరిగిపోయిందని చెప్పను, అలా చెప్పి ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. మూడు నాలుగు వారాలు మాట మధ్యలో ఆగిపోయేవాడు. ఒకరోజు ఆకు చేతిలో పట్టుకుని పురుగు పేరు గుర్తురాక, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను చెప్పబోతే పిన్ని ఆపింది. పావుగంట పట్టింది, ఆయనకే గుర్తొచ్చింది. మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు నజ్మీన్ గారు, కొందరికి కొన్ని వారాలు పడుతుంది, మెల్లగా సర్దుకుంటుంది, నడిపించండి, మనుషుల్లో ఉంచండి అంది. మనుషుల్లో ఉంచడానికి నా కొట్టు కంటే మంచి చోటుందా? రోజూ పొద్దున నా స్కూటర్ మీద తెచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను. దీపావళి నాటికి మళ్ళీ రైతులు ఆయన చుట్టూ మూగారు. పెదకాకాని నుంచి వీరబాబు అనే రైతు మిరపాకులు తెచ్చి, రెండు రకాల మందులు కలిపి కొట్టమంటారా అని అడిగితే, బాబాయి ఆకు తిరగేసి, "దీనికి ఏ మందూ వద్దు, వారం ఆగి చూడు" అని పంపేశాడు. నా బేరం నా కొట్లోనే చెడగొట్టాడు. ఆ రోజంత సంతోషంగా నేనెప్పుడూ బేరం పోగొట్టుకోలేదు.

టాంకు మాత్రం ఇక ఎత్తొద్దని పిన్ని తేల్చి చెప్పింది. ఎత్తలేదు.

అయితే ఆయన్ని ఒకటి తొలుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని వసారాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. బాబాయి ఉన్నట్టుండి అడిగాడు.

"కాంతూ, ఆ మంగళవారం నా దగ్గర లేదురా. ఎంత వెతికినా దొరకట్లా. మా అన్న వాళ్ళావిణ్ణి అమ్మా అనేవాడు గదా. నేనూ ఈవిడని ఏమన్నా అన్నానా?"

నేను పిన్ని వైపు చూశాను. ఏళ్ళ తరబడి అబద్ధాలు అమ్ముకున్న నోటికి ఒక్కటీ దొరకలేదు. ముందు నా తప్పు ఒప్పుకున్నాను. నర్సు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన గొప్పలు, అన్నీ. క్షమించమన్నాను. ఆయన అది పట్టించుకోలేదు. నేనూ కొట్టాననే చెప్పాగదరా, ఇద్దరం ఇద్దరమే అని తోసేశాడు. ఆయన చూపు పిన్ని మీదే ఉంది.

పిన్ని గోంగూర వలవడం ఆపలేదు.

"అన్నావు" అంది. "ఎవరమ్మా మీరు, మంచం మీద కూర్చోమాకండి, మా ఆవిడొస్తది, ఆవిడకి కోపం జాస్తి అన్నావు."

బాబాయి మొహం పాలిపోయింది. ఆరేళ్ళుగా ఆయన భయపడిన మాటే అది. "నువ్వేమన్నావు?"

"ఏమంటాను? లేచి నిలబడ్డా."

"బాధపడ్డావా?"

"పడనా మరి? పడ్డా. ఆ గోడ దగ్గర ఏడ్చా, కాంతునే అడుగు. తర్వాత కూర్చుని ఆలోచించా. ఆయన నా మొహం మర్చిపోయాడు గానీ, నేనొస్తానని మర్చిపోలా గదా అనుకున్నా. ఇంక నాకు భయం పోయింది."

ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, నా కళ్ళకీ సరిగా ఆనడం లేదు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి వచ్చిందా, మా ఆవిడ?"

"సాయంత్రం ఆరింటికొచ్చింది" అంది పిన్ని. "అన్నం తిన్నావా అని అడిగావు."